బటన్ మీది మాట ఎవరిది? - స్థితిని బట్టి మారే శీర్షికల చరిత్ర, తెలుగు క్రియారూపాలు

వ్యాససంగ్రహం

మొబైల్ అనువర్తనాలలో ఒకే బటన్ నొక్కకముందు ఒక మాటను, నొక్కిన తరువాత మరొక మాటను చూపుతుంది. బటన్ స్థితిని బట్టి శీర్షికను నిర్ణయించే ఈ పద్ధతి ఒక్కసారిగా ఏర్పడినది కాదు. 1980ల నాటి లీసా, మాకింటాష్ కంప్యూటర్ల నుంచి నెక్స్ట్ కంప్యూటర్ మీదుగా ఐఫోన్ వరకు అది దశలవారీగా రూపొందింది. ఆ పరిణామాన్ని వివరించి, ఆంగ్ల క్రియాస్వభావంపై ఏర్పడిన ఆ ఏర్పాటులోకి తెలుగు క్రియ ప్రవేశించినప్పుడు వక్త, శ్రోత, మర్యాద అనే అంశాలు ఎట్లా బయటపడతాయో పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: బటన్ శీర్షిక, స్థితి, విధ్యర్థకం, వక్త, శ్రోత, ఐఫోన్, ఆండ్రాయిడ్, స్థానికీకరణ, తెలుగు క్రియ.

1. ఉపోద్ఘాతం

నేడు తెలుగు పాఠకుడు రోజూ చదివే వాక్యాలలో అతి చిన్నవి పుస్తకాలలో లేవు, చేతిలోని ఫోన్ తెరమీద ఉన్నాయి. 'పంపు', 'రద్దు చేయి', 'కొనసాగించండి', 'పూర్తయింది' వంటి ఒకటి రెండు పదాల శీర్షికలు చూపుకు పదాలుగా కనిపించినా అర్థంలో సంపూర్ణ వాక్యాలే. వాటిలో క్రియ ఉంది. కర్త అధ్యాహారంగా ఉంది. చెప్పేవారూ వినేవారూ ఉన్నారు. అయినా సాహిత్య పరిశోధనలో గాని, భాషాపరిశోధనలో గాని ఈ లఘువాక్యాలకు దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదనే చెప్పాలి. వాటిని సాంకేతిక నిపుణుల పనిగా భావించి మనం పక్కన పెడుతున్నాం. సాంకేతిక నిపుణులేమో వాటిని అనువాదకుల పనిగా భావిస్తున్నారు.

ఈ శీర్షికలకు ఒక విశేషం ఉంది. ముద్రిత వాక్యం ఎప్పుడు చూసినా ఒకటే. బటన్ మీది వాక్యం మాత్రం పరిస్థితిని బట్టి మారుతుంది. ఏ స్థితిలో ఏ మాట కనిపించాలో ప్రోగ్రాము రాసేవారు ముందుగానే నిర్ణయించి ఉంచుతారు. ఈ నిర్ణయం వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఆద్యంతం పట్టి నడిపించే ప్రశ్న ఒకటుంది: బటన్ మీద మాట్లాడుతున్నది ఎవరు? మనిషా, యంత్రమా?

2. చెక్కిన మాట నుంచి తెరమీది మాటకు

తెరమీది బటన్‌కు పూర్వరూపం యంత్రాలమీది బటన్. క్యాసెట్ టేప్‌రికార్డర్‌ను గుర్తు తెచ్చుకుంటే దాని స్వభావం తెలుస్తుంది. పాట వినిపించే మీటపై 'ప్లే' అని ముద్రించి ఉండేది. నొక్కితే మీట లోపలికి దిగి అక్కడే నిలిచేది. పాట నడుస్తున్నదా ఆగిందా అన్నది మీట దిగి ఉండడాన్ని బట్టి తెలిసేది. మాట మాత్రం రెండు సందర్భాలలోనూ 'ప్లే' అనే ఉండేది. అంటే మాట పనికి పేరు, మీట ఎత్తుపల్లాలు స్థితికి గుర్తు. ఈ రెండు బాధ్యతలూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. లోహంమీద గాని ప్లాస్టిక్‌మీద గాని చెక్కిన మాటను మార్చే వీలు లేదు కనుక ఈ విభజన అనివార్యమైంది.

తెరమీద ఆ నిర్బంధం లేదు. అక్కడ మాట కూడా వెలుగుచుక్కల సముదాయమే, కావలసినప్పుడు దానిని చెరిపి మరొకటి రాయవచ్చు. అయినా తొలినాటి రూపకర్తలు ఆ వీలును వెంటనే వాడుకోలేదు. 1981లో జిరాక్స్ సంస్థ విడుదల చేసిన స్టార్ కంప్యూటర్‌లో, ఎంచుకున్న అంశాన్ని నలుపు తెలుపులు తారుమారు చేసి చూపేవారు. మాట అదే, వర్ణమే మారేది. యంత్రంమీది మీట లోపలికి దిగడానికి బదులు తెరమీది మాట నల్లబడేదన్నమాట.

3. ఒక శీర్షిక, ఒక అంకె: లీసా, మాకింటాష్

బటన్ మీది మాట ఎవరిదన్న ప్రశ్న తొలిసారి స్పష్టంగా ఎదురైన సందర్భాలలో ఒకటి ఆపిల్ సంస్థ లీసా కంప్యూటర్ రూపకల్పనలో కనిపిస్తుంది. లీసా 1983 జనవరిలో విడుదలైంది. దాని నిర్మాణదశలో, అడిగిన పనికి అంగీకారం తెలిపే బటన్‌మీద 'డూ ఇట్' అని రాశారు. 'ఆ పని చేయి' అని దాని అర్థం. లారీ టెస్లర్ సాధారణ వినియోగదారులతో పరీక్షలు జరుపుతున్నప్పుడు ఒకరు ఆ మాటను చూసి నొచ్చుకున్నారని ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ తన జ్ఞాపకాలలో నమోదు చేశాడు. రెండు పదాల మధ్య ఖాళీ చాలక, ఆంగ్లంలోని పెద్ద 'ఐ' అక్షరం చిన్న 'ఎల్' వలె కనిపించడంతో ఆ మాట 'డోల్ట్' అని చదవబడింది. మందబుద్ధి అని దాని అర్థం. తరువాత ఆ శీర్షిక స్థానంలో 'ఓకే' వచ్చింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా హాస్యంగా చెప్పుకుంటారు. భాషాదృష్టితో చూస్తే ఇందులో గంభీరమైన విషయం ఉంది. 'డూ ఇట్' అన్నది మనిషి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞగా రూపకర్తలు ఉద్దేశించారు. చదివిన వ్యక్తి మాత్రం దానిని యంత్రం తనను ఉద్దేశించి అన్న మాటగా గ్రహించాడు. అక్షరాల పొరపాటు కేవలం నిమిత్తం. వక్త ఎవరో, శ్రోత ఎవరో శీర్షికలో లేకపోవడమే అసలు కారణం. 'ఓకే' అన్న మాట ఆ సంశయాన్ని చాలావరకు తొలగించింది. ఎందుకంటే అది యంత్రం వేసిన ప్రశ్నకు మనిషి ఇచ్చే జవాబు మాత్రమే కాగలదు.

1984 జనవరిలో వచ్చిన మాకింటాష్‌లో బటన్‌ల నిర్వహణకు ప్రత్యేక విభాగం ఉండేది. అందులో ప్రతి బటన్‌కు ఒకే శీర్షిక. స్థితిని మాత్రం వేరుగా ఒక అంకెతో సూచించేవారు. ఆ అంకె 0 అయితే బటన్ పనిచేయడానికి సిద్ధంగా ఉన్నట్టు, 255 అయితే పనిచేయని స్థితిలో ఉన్నట్టు. పనిచేయని స్థితిలో మాట వెలిసిపోయి కనిపించేది. టేప్‌రికార్డర్ నాటి విభజనే ఇక్కడా కొనసాగింది: మాట పనిని చెబుతుంది, రూపం స్థితిని చెబుతుంది.

మాకింటాష్ చేసిన మరొక ఏర్పాటు అనువాద చరిత్రకు ముఖ్యమైనది. తెరమీది మాటలను ప్రోగ్రాము ఆదేశాల నుంచి విడదీసి 'రిసోర్సులు' అనే భాగంలో ఉంచారు. ప్రోగ్రామును తాకకుండానే మాటలను మరో భాషలోకి మార్చడానికి దారి ఏర్పడింది. అయితే ఆ విడదీతతోనే ఒక నష్టమూ మొదలైంది. మాట తన సందర్భానికి దూరమైంది.

4. రెండు శీర్షికలు: నెక్స్ట్

ఆపిల్‌ను వీడిన స్టీవ్ జాబ్స్ 1985లో నెక్స్ట్ సంస్థను స్థాపించాడు. 1988లో ఆ సంస్థ కంప్యూటర్ వెలుగుచూసింది. 1989లో నెక్స్ట్‌స్టెప్ వ్యవస్థ తొలి పూర్తి రూపం వచ్చింది. ఆబ్జెక్టివ్-సీ భాషలో నిర్మించిన దాని ఉపకరణ సంపుటిలో బటన్‌కు రెండు శీర్షికలు ఇచ్చే అవకాశం కల్పించారు. ఒకటి మామూలు శీర్షిక, మరొకటి ప్రత్యామ్నాయ శీర్షిక. బటన్ 'ఆన్' స్థితిలో ఉన్నప్పుడు రెండవ మాట కనిపిస్తుంది.

ఇది చిన్న సౌకర్యంగా కనిపించినా మౌలికమైన మార్పు. స్థితిని చెప్పే బాధ్యత మాటకు కూడా అప్పగించబడింది. దానితో ఒక సందిగ్ధత పుట్టింది. బటన్ మీద 'ప్లే' అని ఉంటే, పాట ఇప్పుడు నడుస్తోందని అర్థమా, నొక్కితే నడుస్తుందని అర్థమా? చెక్కిన మాట ఉన్న రోజులలో ఈ ప్రశ్న లేదు, ఎందుకంటే ఆ మాట ఎన్నడూ మారేది కాదు. మాట మారడం మొదలైన తరువాతే అది పనిని చెబుతోందా స్థితిని చెబుతోందా అన్న సంశయం మొదలైంది. ఆన్‌లైన్ తరగతులలో 'మ్యూట్' అన్న మాటను చూసి తమ గొంతు అవతలివారికి వినిపిస్తున్నదో లేదో తేల్చుకోలేక తడబడే అధ్యాపకుల అనుభవానికి మూలం ఇక్కడే ఉంది.

5. స్థితికొక శీర్షిక: ఐఫోన్

1996 డిసెంబరులో నెక్స్ట్ సంస్థను కొనుగోలు చేయనున్నట్టు ఆపిల్ ప్రకటించింది. నెక్స్ట్ ఉపకరణ సంపుటి ఆపిల్ కంప్యూటర్లకు, ఆ తరువాత కొత్త రూపంలో ఐఫోన్‌కు సంక్రమించింది. ఐఫోన్ 2007లో వచ్చినా, బయటి ప్రోగ్రామర్లకు ఉపకరణాలు 2008 మార్చిలో ప్రకటించబడ్డాయి. అదే సంవత్సరం జూలైలో యాప్ స్టోర్ ప్రారంభమైంది. ఆ ఉపకరణాలలో 'యూఐబటన్' అనే తరగతి, దానికి 'సెట్‌టైటిల్ ఫర్‌స్టేట్' అనే ఆదేశం ఉన్నాయి. 'ఈ స్థితికి ఈ శీర్షిక' అని చెప్పడమే ఆ ఆదేశం చేసే పని. 2014లో వచ్చిన స్విఫ్ట్ భాషలోనూ ఈ ఆదేశం కొనసాగింది.

ఈ ఏర్పాటులో ప్రధానస్థితులు నాలుగు: సాధారణ స్థితి, వేలు తాకి ఉన్న స్థితి, పనిచేయని స్థితి, ఎంపికైన స్థితి. వీటికి వరుసగా 0, 1, 2, 4 అనే విలువలు ఇచ్చారు. రెండు స్థితులు ఒకేసారి సంభవించవచ్చు కనుక విలువలను కలపవచ్చు. ఎంపికై ఉన్న బటన్‌ను మళ్ళీ తాకితే 4, 1 కలిసి 5 అవుతుంది. ఒక స్థితికి శీర్షిక ఇవ్వకపోతే సాధారణ స్థితి శీర్షికే అక్కడ కనిపిస్తుంది.

ఈ చివరి నియమం వల్ల ఒక సూక్ష్మమైన చిక్కు ఏర్పడింది. సాధారణ స్థితికి 'అనుసరించు' అనీ, ఎంపికైన స్థితికి మరో మాటనూ ఇచ్చి, 5 అనే సంయుక్త స్థితికి ఏమీ ఇవ్వలేదనుకుందాం. ఎంపికై ఉన్న బటన్‌పై వేలు పెట్టిన క్షణంలో శీర్షిక తిరిగి 'అనుసరించు' అవుతుంది, వేలు తీశాక గాని సరైన మాట రాదు. అంటే మనిషి నిర్ణయం తీసుకుంటున్న ఆ క్షణంలోనే తెర తప్పుమాట చెబుతుంది. పట్టికలో నమోదు చేయకుండా, శీర్షికను చూపే లేబుల్‌లో నేరుగా మాట రాసే ప్రోగ్రామర్లకు మరో ఇబ్బంది ఎదురవుతుంది. స్థితి మారగానే పట్టికలోని మాట వచ్చి వారు రాసినదాన్ని చెరిపేస్తుంది.

పై నాలుగు స్థితులను, వాటి సంయోగాలను పట్టికగా ఊహిస్తే అది వ్యాకరణ విద్యార్థికి పరిచితమైన ఆకృతిలా కనిపిస్తుంది. ఒకే ధాతువుకు కాలాన్ని, పురుషను, వచనాన్ని బట్టి రూపాలు చెప్పే క్రియారూపావళి వంటిదే ఇది. ఇక్కడ కాలపురుషల స్థానంలో బటన్ స్థితి ఉంది.

6. ఆండ్రాయిడ్ ఎంచుకున్న దారి

2008లోనే వచ్చిన ఆండ్రాయిడ్ వేరొక దారిని అనుసరించింది. అక్కడ కూడా తాకిన స్థితి, పనిచేయని స్థితి, ఎంపికైన స్థితి వంటివి ఉన్నాయి. వాటిని బట్టి రంగును, నేపథ్యచిత్రాన్ని మార్చడానికి పట్టికలు ఉన్నాయి. మామూలు బటన్ మాటకు మాత్రం అటువంటి పట్టిక లేదు. మాట మారాలంటే ప్రోగ్రామరు స్వయంగా మార్చాలి. రెండు స్థితుల మధ్య మారే ప్రత్యేకమైన బటన్‌కు మాత్రమే 'ఆన్' మాట, 'ఆఫ్' మాట అని రెండు శీర్షికలు ఇచ్చారు. ఒక విధంగా ఆండ్రాయిడ్ మామూలు బటన్ మాకింటాష్ సంప్రదాయానికి, రెండు స్థితుల బటన్ నెక్స్ట్ సంప్రదాయానికి దగ్గరగా ఉన్నాయి.

7. అంచు చెరిగిన తరువాత

2013లో వచ్చిన ఐఓఎస్ 7 రూపకల్పనలో చాలా బటన్‌లకు చుట్టూ ఉండే అంచు తొలగిపోయింది. రంగు మాటే బటన్ అయింది. ఏది బటన్, ఏది మామూలు మాట అన్నది తెలియడం కష్టమవుతోందన్న విమర్శ వచ్చింది. 2014లో ఐఓఎస్ 7.1లో, బటన్ ఆకారాలు కనిపించాలని కోరుకునేవారికి ఒక అమరికను చేర్చారు. ఈ దశలో బటన్ బరువంతా మాటమీదే పడింది. అది క్రియారూపంలో లేకపోతే అది బటన్ అనే సంగతే తెలియని పరిస్థితి వచ్చింది.

2019లో ప్రకటించిన స్విఫ్ట్‌యూఐలో శీర్షికల పట్టిక అదృశ్యమైంది. స్థితి ఇదైతే ఈ మాట, కాకపోతే ఆ మాట అని ప్రోగ్రాములోనే షరతుగా రాస్తారు. 2021లో ఐఓఎస్ 15తో పాత యూఐబటన్‌కు కూడా, స్థితి మారినప్పుడల్లా రూపాన్ని తిరిగి నిర్ణయించే కొత్త ఏర్పాటు వచ్చింది. పట్టిక స్థానంలో షరతు వచ్చినా మౌలికమైన ప్రశ్న మారలేదు: ఏ స్థితిలో ఏ మాట?

8. తెలుగు క్రియ ముందున్న పరీక్ష

ఈ ఏర్పాట్లన్నీ ఆంగ్లం మాతృకగా పెరిగాయి. ఆంగ్లంలో ఆజ్ఞార్థక క్రియకు ప్రత్యేకమైన ప్రత్యయం లేదు. వినేవారు ఒక్కరా పలువురా, గౌరవించదగినవారా కాదా అన్నది ఆ రూపంలో కనిపించదు. 'ఓపెన్' అన్న మాట 'తెరువు' అనే ఆజ్ఞ కావచ్చు, 'తెరిచి ఉంది' అనే స్థితి కావచ్చు. ఈ అస్పష్టత ఆంగ్లానికి బటన్‌మీద సౌకర్యమైంది. తెలుగు క్రియ ఆ వెసులుబాటు ఇవ్వదు.

ట్విటర్ వెబ్ పేజీలోని ప్రసిద్ధమైన బటన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మొదట 'ఫాలో' అని ఉండేది. నొక్కిన తరువాత 'ఫాలోయింగ్' అయ్యేది. దానిపై మౌస్ నిలిపితే 'అన్‌ఫాలో' అని కనిపించేది. మొదటిది పని, రెండవది స్థితి, మూడవది మళ్ళీ పని. దీనిని తెలుగులో 'అనుసరించు', 'అనుసరిస్తున్నారు', 'అనుసరించడం ఆపు' అని మార్చామనుకుందాం. పైకి మూడూ సరైన అనువాదాలే. కాని వాటిని వరుసగా చదివితే రెండు సమస్యలు బయటపడతాయి.

మొదటిది వక్త మారిపోవడం. 'అనుసరించు' అన్నది మనిషి యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ. అందుకే ఏకవచనం చెల్లింది. 'అనుసరిస్తున్నారు' అన్నది యంత్రం మనిషికి మర్యాదగా చెప్పిన మాట. అందుకే బహువచనం వచ్చింది. ఒకే బటన్‌మీద, ఒక్క స్పర్శ వ్యవధిలో, వక్త శ్రోతగానూ శ్రోత వక్తగానూ మారారు. ఆంగ్లంలో ఈ మార్పు దాగి ఉంటుంది, తెలుగులో ప్రత్యయం దానిని బయటపెడుతుంది.

రెండవది పురుష సందిగ్ధత. తెలుగులో 'మీరు అనుసరిస్తున్నారు', 'వారు అనుసరిస్తున్నారు' అనే రెండింటికీ క్రియారూపం ఒకటే. కర్త లేకుండా బటన్‌పై 'అనుసరిస్తున్నారు' అని మాత్రమే ఉంటే, నేను వారిని అనుసరిస్తున్నట్టా, వారు నన్ను అనుసరిస్తున్నట్టా? వాక్యంలో కర్త ఉన్నంతవరకు ఇబ్బంది కలిగించని రూపసామ్యం బటన్‌మీద అర్థాన్నే తలకిందులు చేస్తుంది.

'పంపు' అనే ధాతువుతో స్థితుల వరుసను రాస్తే సమస్య మరింత స్పష్టమవుతుంది.

సాధారణ స్థితి: 'పంపు' అంటే వక్త మనిషి. 'పంపండి' అంటే వక్త యంత్రం.
పని జరుగుతున్న స్థితి: 'పంపుతున్నాం' అంటే సంస్థ మాట్లాడుతోంది. 'పంపుతోంది' అంటే యంత్రాన్ని గురించి మరెవరో చెబుతున్నారు.
పనిచేయని స్థితి: 'దయచేసి ఆగండి' అంటే యంత్రం మనిషిని కోరుతోంది.
పని ముగిసిన స్థితి: 'పంపారు' అంటే మీరా, వారా అన్నది తేలదు. 'పంపబడింది' అంటే కర్త అవసరం లేదు, కాని వాడుకకు దూరమైన కర్మణి రూపం.

నాలుగు స్థితులకు నలుగురు అనువాదకులు విడివిడిగా మాటలు ఎంచుకుంటే ఒకే బటన్‌లో ముగ్గురు నలుగురు వక్తలు చేరుతారు. విడివిడిగా ఏ ఒక్క మాటనూ తప్పుపట్టలేం. తప్పు వరుసలో ఉంది.

ఈ చిక్కుకు తెలుగులోనే పరిష్కారాలు ఉన్నాయి. స్థితిని చెప్పవలసిన చోట 'అగు' ధాతువుతో ఏర్పడే అకర్మక రూపాలు చక్కగా ఉపకరిస్తాయి. 'ఎంపికైంది', 'భద్రమైంది', 'పూర్తయింది', 'రద్దయింది' వంటివి అటువంటివి. వీటిలో మనిషి కర్త కాడు, జరిగిన పనే కర్త. కనుక పురుష సందిగ్ధత లేదు, మర్యాద ప్రసక్తి లేదు, 'బడు' ధాతువు బరువూ లేదు. అట్లాగే 'అనుసరణలో ఉంది' వంటి నామప్రధాన రూపం స్థితిని స్థితిగానే నిలుపుతుంది. పనిని చెప్పవలసిన చోట ఏకవచన విధ్యర్థకమో బహువచన విధ్యర్థకమో ఏదో ఒకటి నిర్ణయించుకోవచ్చు. తెలుగు తెరలపై రెండు పద్ధతులూ కనిపిస్తున్నాయి. వక్త మనిషి అనుకుంటే 'పంపు' అమర్యాద కాదు, ఎందుకంటే అక్కడ శ్రోత యంత్రం. ఒకే తెరమీద 'పంపు', 'రద్దు చేయండి' పక్కపక్కన కనిపించడమే అసలైన దోషం.

9. అనువాదకుని చేతికి అందేది

మరి ఈ వరుసను అనువాదకులు ఎందుకు గమనించలేకపోతున్నారు? మాకింటాష్ నాడు మొదలైన విడదీతలోనే దీనికి సమాధానం ఉంది. నేడు కూడా తెరమీది మాటలు ప్రత్యేకమైన పత్రాలలో ఉంటాయి. ఆ పత్రాలను భాషలవారీగా, తెలుగుకైతే 'టీఈ' అనే సంకేతంతో వేరుచేసి ఉంచుతారు. అనువాదకుని చేతికి అందేది మాటల జాబితా. ఏ మాట ఏ బటన్‌ది, ఏ స్థితిలో కనిపిస్తుంది, దానికి ముందూ వెనుకా ఏ మాట ఉంటుంది అన్న వివరం ఆ జాబితాలో సహజంగా ఉండదు. వ్యాఖ్య రాయడానికి చోటు ఉన్నా దానిని నింపడం ప్రోగ్రామరు శ్రద్ధపై ఆధారపడిన విషయం.

ఆంగ్లమూలాన్నే సంకేతంగా వాడే పద్ధతిలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. 'ఓపెన్' అన్న మాట ఆజ్ఞగా ఒకచోట, స్థితిగా మరొకచోట వచ్చినా, సందర్భసూచిక లేనప్పుడు రెండింటికీ జాబితాలో ఒకే పంక్తి ఉంటుంది. తెలుగులో రెండు మాటలు కావాలి, చోటు ఒక్కదానికే ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చిన స్వచ్ఛంద అనువాదకులు ఈ ఇరుకులోనే పనిచేశారు. వారి అనువాదాలను కృతకమని విమర్శించేముందు ఈ పరిమితిని గుర్తించడం న్యాయం.

చూపులేని పాఠకుల విషయంలో ఇది మరింత ముఖ్యం. 2009లో ఐఫోన్‌కు వచ్చిన వాయిస్‌ఓవర్ సదుపాయం బటన్ శీర్షికను పైకి చదివి, ఎంపికైందా, పనిచేయని స్థితిలో ఉందా అన్న సంగతిని విడిగా చెబుతుంది. శీర్షిక కూడా స్థితినే చెబితే వినేవారికి ఒకే సంగతి రెండుసార్లు, కొన్నిసార్లు పరస్పర విరుద్ధంగా వినిపిస్తుంది. వెలిసిన రంగు, మారిన ఆకారం వారికి సాయపడవు. వారికి మిగిలేది మాటే.

10. ముగింపు

చెక్కిన మాట నుంచి స్థితితో మారే మాట వరకు జరిగిన ఈ ప్రయాణంలో, స్థితిని తెలిపే బాధ్యత క్రమంగా రూపం నుంచి మాటకు బదిలీ అయింది. మాకింటాష్‌లో ఒక శీర్షిక, నెక్స్ట్‌లో రెండు, ఐఫోన్‌లో స్థితికొకటి, నేడు షరతును బట్టి ఎన్నైనా. మాట బాధ్యత పెరిగినకొద్దీ వ్యాకరణం పాత్ర పెరగాలి. ఆచరణలో అనువాదకునికి అందే సమాచారం మాత్రం ఆ మేరకు పెరగలేదు.

కనుక తెలుగు శీర్షికలను పదాలుగా కాక వరుసలుగా అనువదించాలన్నది ఈ పరిశీలన సారాంశం. ఒక బటన్‌కు చెందిన అన్ని స్థితుల మాటలనూ ఒకచోట పెట్టి, ముందుగా వక్తను నిర్ణయించి, ఆ తరువాతే క్రియారూపాలను ఎంచుకోవాలి. పనికి విధ్యర్థకం, స్థితికి అకర్మక రూపం అనే విభజన అందుకు ఒక ప్రాతిపదిక కాగలదు. ఈ పని ప్రోగ్రామర్లు మాత్రమే చేయగలిగినది కాదు. విధ్యర్థకానికి, అకర్మక క్రియకు, కర్మణి ప్రయోగానికి ఉన్న తేడాలను తరగతి గదిలో నిత్యం బోధించే తెలుగు శాఖలకు ఇందులో సహజమైన పాత్ర ఉంది. వాడుకలో ఉన్న తెలుగు అనువర్తనాల శీర్షికలను స్థితులవారీగా సేకరించి వర్గీకరించడం పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన అంశం. డబ్బు పంపే ముందు, దరఖాస్తు సమర్పించే ముందు, సమాచారం తొలగించే ముందు తెలుగు పాఠకుడు చదివే చివరి వాక్యం బటన్‌మీదే ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎవరు ఎవరితో అంటున్నారో అతనికి సందేహం లేకుండా తెలియాలి.